మా మేనత్త వేసుకోలేని మాత్ర

మా మేనత్త పోయిందన్న కబురు నాకు బడిలో తెలిసింది. పిల్లలకి పరీక్ష కాగితాలు పంచుతున్నాను. బల్ల మీద ఫోను ఆగకుండా వణుకుతోంది. తీస్తే ఆవిడ కొడుకు, మా బావ. "అమ్మ ఎల్లిపోయిందే" అన్నాడు. పక్కనున్న ఆటో డ్రైవరు ఫోను అందుకుని మిగతాది చెప్పాడు. పొద్దున్నే ఊపిరి అందడం లేదందట. కాలవ గట్టు మీదుగా ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, కొడుకు భుజం మీద తల వాల్చి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయిందట.

నేను పాఠాలు చెప్పేది కొత్తపేట వైపు. అత్త ఊరు కాట్రేనికోన దాటాక, సముద్రపు హోరు వినబడే చోట. నేను చేరేసరికి ఆవిడని వసారాలో చాప మీద పడుకోబెట్టారు. పాదాలు ఉబ్బి, వేళ్ళ సందులు కూడా కనబడటం లేదు. నేను ఆ పాదాల దగ్గరే కూర్చున్నాను. గుమ్మం దగ్గర కుర్చీలో ఒక పెద్దమనిషి, మాకు దూరపు చుట్టమే, అందరికీ వినబడేలా అన్నాడు: "మందులు సరిగ్గా ఏసుకునేది కాదంటండి. డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పేరో. మొండి మనిషి. మనవేం చేస్తాం?"

"మరేనండి" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

చావు జరిగిన ఇంట్లో గొంతు పెంచకూడదని ఊరుకున్నాను. ఇప్పుడు పెంచుతున్నాను. మీరు ఆవిడని ఎరగరు. ఎరగని మనిషి గురించి మొట్టమొదట ఆ మాటే వింటే అదే నిజమనుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ మా నాన్నకి చెల్లెలు. చేపలమ్మేది. మావయ్య సముద్రంలో చేపల వేటకి వెళ్ళేవాడు. ఆయన పోయాక కూడా ఆవిడ గంప దించలేదు. తెల్లారేసరికి రేవులో ఉండేది. పడవలు తెచ్చిన సరుకు వేలంలో పాడుకుని, ఐసు వేయించుకుని, సర్వీసు ఆటోలో టౌను బజారుకి వెళ్ళేది. ఆ టౌను పేరు రాయను. కోనసీమలో మీకు తెలిసిన ఏ బజారునైనా అనుకోండి, పెద్ద తేడా ఉండదు. గోనె పట్టా, కత్తిపీట, ఎదురుగా గంప, ఆ వెనక మా అత్త. బజారు మొదట్లో అడుగు పెట్టగానే ఆవిడ గొంతు వినబడేది. మట్టగిడసలు, పండుగప్పలు, కానాగంతలు, ఏ రోజు ఏది ఉంటే దాన్ని పెళ్ళికూతుర్ని పిలిచినట్టు పిలిచేది. ఎవరైనా బేరమాడుతూ చేప మెత్తబడిందని వంక పెడితే ఆవిడకి ఒళ్ళు మండేది. "బేరం ఆడండి. నన్ను తిట్టండి, పడతాను. నా చేపని మాత్రం ఏవీ అనకండి" అనేది. మొప్ప ఎత్తి ఎర్రగా చూపించేది. కొనకుండా వెళ్ళినవాళ్ళు తక్కువ.

నేను ఇవాళ పంతులమ్మనంటే అది ఆవిడ చలవ. నాకు బీఈడీ సీటు వచ్చినప్పుడు, ఆడపిల్లకి అంత దూరం హాస్టలెందుకని నాన్న వెనకాడాడు. అత్తకి కబురు తెలిసి బజారు నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది. గంప ఇంకా నెత్తి మీదే ఉంది. "అన్నయ్యా, దీన్ని కూడా తీసుకొచ్చి నా పక్కన కూకోబెడతావా? నా పక్కన చోటు లేదు. ముందే సెప్తన్నాను" అంది. నాన్న నవ్వేశాడు. మర్నాడు వెళ్ళి ఫీజు కట్టాడు.

హాస్టలుకి నన్ను చూడటానికి వచ్చేది. వచ్చే ముందు నిమ్మతొక్కతో చేతులు తోముకునేది. అయినా ఒకసారి వాసన చూసుకుని, పోలేదని నవ్వి, అరచేతితో ముట్టుకోకుండా వేళ్ళ వెనకవైపుతో నా చెంప నిమిరేది. నా స్నేహితురాళ్ళందరికీ వేపుడు ముక్కలు కట్టుకొచ్చేది. ఆవిడ వచ్చిందంటే మా వరండా అంతా గోలే. ఎవరితోనైనా దేని గురించైనా మాట్లాడగలదు. "నాకు సిగ్గుంటే సేపలెవరమ్ముతారే" అనేది. నేనూ నిజమనే నమ్మాను, ఆవిడకి సిగ్గన్నదే లేదని.

జబ్బు చాలా నెమ్మదిగా వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రానికి కాళ్ళు బరువు. చెప్పులు పట్టడం లేదని పెద్ద సైజువి కొనుక్కుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోవడం మొదలుపెట్టింది. అప్పుడు బావా నేనూ టౌన్లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎన్నాళ్ళ నుంచో బీపీ ఉంది, ఎవరూ చూడలేదు. గుండె కండరం నీరసించిందన్నారు. గుండె రక్తాన్ని సరిగ్గా తోడలేకపోతే నీరు ముందు కాళ్ళలోకి, తరవాత ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని అక్కడి నర్సు బొమ్మ గీసి చూపించింది. కొన్నాళ్ళు మంచం మీద ఉంచి సూదులు వేశారు. ఒంట్లో నీరంతా పోయింది. అత్త తన పిక్కలు చూసుకుని మురిసిపోయింది. "నా కాళ్ళు నాకు దొరికేయే" అంది.

ఇంటికి పంపేటప్పుడు మూడు రకాల మాత్రలు రాశారు. అత్త వాటికి వెంటనే పేర్లు పెట్టేసింది. బీపీది పొగరు బిళ్ళ. గుండె దడ తగ్గించి నెమ్మదిగా కొట్టించేది పరుగు బిళ్ళ. ఒంట్లో నీటిని మూత్రంలోంచి బయటికి పంపేది నీరు బిళ్ళ. మూడూ పొద్దున్న లేవగానే వేసుకోమన్నారు. ఉప్పు తగ్గించమన్నారు, ఎండుచేప ముట్టుకోవద్దన్నారు.

ఆవిడ ఎండుచేప మానేసింది. ఇది చదివేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. సముద్రం ఒడ్డున పుట్టి, ఎండుచేప వాసన లేనిదే ముద్ద దిగని మనిషి, ఆ రోజు నుంచి మళ్ళీ నోట పెట్టలేదు. ఊరగాయ మానేసింది. పొగరు బిళ్ళ, పరుగు బిళ్ళ రేవుకి వెళ్ళే ముందు టీ తాగుతూ వేసుకునేది. అది బావ చూశాడు, నేను చూశాను. ఈ మనిషిని పట్టుకుని మొండిది, మందులు వేసుకోదు అన్నారు.

కాళ్ళు మళ్ళీ వాచాయి. అదే ఆసుపత్రికి అదే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గది తలుపు తీసే ఉంది, బయట బెంచీల నిండా జనం. ఆయన బొటనవేలితో ఆవిడ కాలి మీద నొక్కాడు. గుంట పడింది. ఆ గుంట చూసి ఆయనకి కోపం వచ్చింది.

"నీరు పోయే ట్యాబ్లెట్ వేసుకుంటున్నావా?"

"ఆయ్."

"వేసుకుంటే ఇలా ఎందుకుంటుంది? అబద్ధాలు చెప్పకు. మీకోసం మేం ఇక్కడ గొంతు చించుకోవాలి, మీరు అక్కడ పారేయాలి. చదువు లేకపోతే ఇంతే."

అత్త తలొంచుకుంది. బజారులో ఎవరినీ ఒక్క మాట పడనివ్వని మనిషి, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆయన కాగితం లాక్కుని ఆ మాత్ర మోతాదు రెట్టింపు చేశాడు. వేసుకోలేకపోతున్న మాత్రని పెద్దది చేశాడు. ఎందుకు వేసుకోవడం లేదమ్మా అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? గీత గీసినంతసేపు కూడా పట్టదు. ఆయన అడగలేదు.

ఆ వేసవి సెలవల్లో నేను అత్త ఇంటికి వెళ్ళి ఉన్నాను. ఒక ఉదయం ఆవిడతో పాటు బజారుకి వెళ్ళాను. ఎండ ముదిరేసరికి నాకు బాత్రూముకి వెళ్ళాల్సి వచ్చింది. ఎక్కడుందని అడిగాను. అత్త నా మొహంలోకి చూసి, పక్కన రొయ్యలమ్మే ఆవిడకి గంప అప్పజెప్పి లేచింది. ఆ రొయ్యలావిడ అత్తకి ప్రాణస్నేహితురాలు, నేను పిన్నీ అని పిలుస్తాను. "గేటు ఇంటికి తీసుకెల్లు. పంతులమ్మంటే రానిత్తారు" అంది పిన్ని.

బజారు వెనక వీధిలో ఒక మేడ. అత్త గేటు కొట్టింది. ఆ ఇంటావిడ బయటికి వచ్చింది.

"అమ్మగారూ, మా మేనకోడలండి. కొత్తపేట కాడ టీచరండి. ఒక్కసారి బాత్రూముకి..."

"అయ్యో, దానికేవుందండి. రండి టీచరుగారూ, లోపలికి రండి." అంటూనే అత్త వైపు తిరిగింది. "నువ్వక్కడే ఉండు. ఇప్పుడే కడిగించేను, మళ్ళీ వాసనొస్తుంది."

"ఆయ్, నేనిక్కడే ఉంటానండి."

నేను లోపలికి వెళ్ళాను. వంటింట్లోంచి చేపల పులుసు వాసన వస్తోంది. ఆ పొద్దున అత్త కోసి, కడిగి, ఆ ఇంటి పనమ్మాయి గిన్నెలో వేసిన చేపే అది. ఆ ఇంట్లో అత్త చేప ఎన్నో ఏళ్ళుగా ఉడుకుతోంది. అత్త మాత్రం గేటు దాటలేదు.

బయటికి వచ్చాక అన్నాను: "నువ్వూ వెళ్ళు అత్తా. నేను అడుగుతాను. ఎందుకు పంపదో చూస్తాను."

"ఒద్దులేవే. రేపు మళ్ళీ ఆవిడకి సేపలమ్మాలి గదా."

నాకు అప్పుడు వెలిగింది. వీధి మధ్యలోనే ఆగిపోయి, "అత్తా, నీరు బిళ్ళ వేసుకుంటున్నావా లేదా?" అని అడిగాను.

ఆవిడ గోడ నీడలోకి జరిగి, నన్ను చూడకుండా చెప్పింది.

"సోమవారం ఏసుకుంటానే. ఆ రోజు నీసు కొనేవోళ్ళు తక్కువ, నేను బజారుకి ఎల్లను గదా. మిగతా రోజులు ఎలా ఏసుకోను? ఏసుకున్న కాసేపటికే మొదలవుద్ది. మళ్ళీ మళ్ళీ ఎల్లాలి. గంపొదిలేసి ఎక్కడికెల్లను? వెనక ఇదివరకు పొదలుండేయి, అక్కడిప్పుడు కొట్లు కట్టేరు. మేవందరం నీళ్ళే తాగం బజారులో."

"డాక్టరుకి చెప్పలేదేం?"

"ఆయనకా? మగ మనిషికా? బయట అంతమంది వింటుంటే?"

తరవాత ఆవిడ చెప్పినది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. "ఆయన తిట్టేక సిగ్గేసి ఒక రోజు ఏసుకునే బయల్దేరేనే. ఆటోలో ఉండగానే వచ్చేసింది. ఆపవయ్యా అంటే, ఇంకెంతమ్మా వచ్చేసేం కదా అన్నాడు. పక్కన మగోళ్ళు కూకున్నారు. ఎలా సెప్పను? దిగేలోపే అయిపోయింది. అప్పుడేం చేసేనో తెలుసా? కాలు జారినట్టు పడి, గంపలో ఐసు నీళ్ళు మీద ఒంపేసుకున్నాను. చీరంతా సేపల నీళ్ళే. ఇంక ఎవరికి తెలుస్తుంది? అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను."

ఇదీ ఆవిడ మొండితనం.

ఆ వారంలోనే ఆవిడని వేరే చోటికి తీసుకెళ్ళాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉంది, చిన్న వయసే. కాగితాలన్నీ చూసింది. మోతాదు రెట్టింపు చేసిన గీత దగ్గర ఆగింది. అత్త వైపు కుర్చీ జరుపుకుని అడిగింది.

"పగలంతా ఎక్కడుంటారమ్మా మీరు?"

"బజారులోనండి. సేపలండి."

"అక్కడ బాత్రూముందా?"

అత్త నా వైపు చూసింది. ఆ ప్రశ్న ఆవిడని అంతవరకూ ఎవరూ అడగలేదు. "లేదండి" అంది.

"అయితే పొద్దున్నే ఎందుకు వేసుకోవడం? మిగతా రెండూ పొద్దున్న వేసుకోండి. ఇది మాత్రం మీరు ఇంటికి ఎన్నింటికి వస్తారో అప్పుడు వేసుకోండి. మధ్యాహ్నమైనా ఫరవాలేదు. రాత్రి వద్దు, నిద్ర పాడవుతుంది."

అంతే. అదీ వైద్యం. మోతాదు కూడా తగ్గించి పాతదే ఉంచింది. (ఇలాంటి మాత్రలు వాడేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, నా మాట పట్టుకుని మీ అంతట మీరు వేళలు మార్చుకోకండి. మీ డాక్టర్ని అడగండి. సిగ్గుపడకుండా అడగండి. ఆయన విసుక్కుంటే ఇంకొకర్ని అడగండి.)

ఆ తరవాత అత్త బాగుంది. మధ్యాహ్నం గంప దించి, కాళ్ళు కడుక్కుని, నీరు బిళ్ళ వేసుకుని, పెరట్లో బాత్రూముకి దగ్గర్లో నులక మంచం వాల్చుకునేది. "ఈ పూట నేను దీని డ్యూటీలో ఉన్నానే, రేపు మాట్లాడతాను" అని ఫోను పెట్టేసేది. పాత సైజు చెప్పులు మళ్ళీ తొడుక్కుంది. వానాకాలంలో మా ఊరు వచ్చి, మా మేడ మెట్లు ఆగకుండా ఎక్కి, పైన నిలబడి చుట్టూ కొబ్బరి తలలు చూసి, "ఆయాసం లేదే" అని గట్టిగా అరిచింది. కింద ఇంటివాళ్ళు ఏమైందోనని బయటికి వచ్చారు.

ఆ మాటని ఆ మొదటి డాక్టరు చెప్పి ఉంటే ఆవిడ గుండె అంత దెబ్బ తినేది కాదు. నా కోపం మాత్రల మీద కాదు. మంచి మాత్రలవి. చవకవి. ఊరూరా దొరుకుతాయి. వాటిని వేసుకునే మనిషి పగలు ఎక్కడ కూర్చుంటుందో తెలుసుకోకుండా కాగితం మీద రాసి పారేసే చేతుల మీద నా కోపం.

తరవాత బజారు మారింది. ఆశీలు, అంటే బజారులో కూర్చున్నందుకు కట్టే రుసుము, వసూలు చేసుకునే వేలం పాట కొత్తాయన పాడుకున్నాడు. సాయంత్రం కూడా బజారు నడపాలన్నాడు. పొద్దుగూకే దాకా కూర్చోనివాళ్ళ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు. అత్త చోటు మావయ్య తల్లి నాటిది. వదులుకోలేదు. ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టేసే వేళ అయ్యేది. అప్పుడు వేసుకుంటే నిద్ర ఉండదు. నిద్ర లేకపోతే తెల్లారి రేవుకి వెళ్ళడం కుదరదు. నీరు బిళ్ళ మళ్ళీ సోమవారానికి వెళ్ళిపోయింది. ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామంటే అప్పటికి ఆవిడకి బదిలీ అయిపోయింది.

"మానెయ్యి అత్తా" అన్నాను. "బావ ఉన్నాడు, నేనున్నాను."

"మానేసి ఏం సెయ్యనే? గోడ సూస్తా కూకోనా?"

ఆ రోజుల్లోనే బజారు చివర ఆడవాళ్ళ కోసమని ఒక బాత్రూము గది కట్టారు. గులాబీ రంగు వేశారు. రిబ్బను కట్టి కత్తిరించారు, ఫోటోలు తీసుకున్నారు. వచ్చిన పెద్దలు వెళ్ళగానే తాళం పడింది. తాళంచెవి ఆశీలాయన దగ్గర ఉంది. అడిగితే నీళ్ళ కనెక్షన్ రాలేదన్నాడు. పండగ రాగానే అన్నాడు, పండగ వెళ్ళగానే అన్నాడు.

ఒక రోజు అత్త ఫోను చేసింది. "బజారు చూట్టానికి ఆఫీసరొత్తన్నాడంట. నువ్వు సెలవెట్టి రావే. నాకు నోరు రాకపోతే నువ్వు సెప్పుదువుగాని." నేను వెళ్ళాను. ఏం చెప్పాలో దారి పొడుగునా మనసులో అల్లుకున్నాను. ఆఫీసరు జీపు దిగి, ఆశీలాయనతో నవ్వుతూ గంపల మధ్య నడిచాడు. ఆ గులాబీ గది ముందుకి రాగానే అత్త లేచి ఎదురెళ్ళింది. నా వైపు చూడను కూడా చూడలేదు.

"దణ్ణవండి. ఈ గది మాకోసం కట్టేరన్నారండి."

"అవునమ్మా, మీకోసమే."

"మరి తాళం ఎవరికోసవండి?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆశీలాయన కలగజేసుకున్నాడు: "నీళ్ళు రాలేదండి. రాగానే తీసేస్తాం."

"నీళ్ళు మేం మోసుకుంటావండి. గోదారి పాయల మధ్యన బతుకుతున్నాం, మాకు నీళ్ళకి కరువా?" అని ఆఫీసరు వైపు మళ్ళీ తిరిగింది. "నాకు గుండె జబ్బండి. నీరు బిళ్ళ ఏసుకోవాలండి. ఏసుకుంటే ఒంటేలుకి ఎల్లాలండి. ఒకసారి కాదు, శానాసార్లు. ఏసుకోకపోతే సచ్చిపోతానన్నారు. ఎక్కడికెల్లమంటారో మీరే సెప్పండి. ఈ రోడ్డు మీద కూకోమంటారా?"

డాక్టరు గదిలో చెప్పలేకపోయిన మాటని మా అత్త బజారులో, మగవాళ్ళ మధ్య నిలబడి చెప్పింది. ఆవిడ మెడ నరాలు కొట్టుకోవడం నాకు కనబడుతోంది. పండ్ల బండి దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఆఫీసరు ఫోను చూసుకుంటూ, "చూస్తామమ్మా, చూస్తాం" అని జీపెక్కాడు.

ఏమీ చూడలేదు. తాళం అలాగే ఉంది. ఆవిడకి మాత్రం బజారులో బిళ్ళ మామ్మ అని పేరు పడింది. ఆటో ఎక్కినా, "బిళ్ళ ఏసుకున్నావా మామ్మా, మధ్యలో ఆపాలా?" అని వెక్కిరించేవారు. ఆ నవ్విన గొంతులు ఆవిడ దహనానికీ వచ్చాయి. చేతులు కట్టుకుని, పాపం మంచి మనిషి అన్నాయి. నేను గుర్తుపట్టాను.

చివరి వారాల్లో అత్త చేపల్ని పిలవడం మానేసింది. కొనేవాళ్ళు వస్తే మొప్ప ఎత్తి చూపించేది, అంతే. పిన్ని ఒక్కర్తే రెండు గంపలకీ అరిచేదట. అత్త చీర కుచ్చిళ్ళు కింద దాకా లాక్కుని పాదాలు కప్పుకునేదట, వాపు ఎవరికీ కనబడకుండా. బావ అడిగినా నేను అడిగినా "బానే ఉన్నానే" అనేది. కడసారి నాతో ఫోన్లో మాట్లాడినప్పుడు మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంది. అప్పుడు కూడా నా పిల్లల పరీక్షల గురించే అడిగింది. ఆ శనివారం బయల్దేరి వచ్చి ఎలాగైనా పెద్దాసుపత్రికి తీసుకెళ్తానన్నాను. సరేనంది. శనివారం దాకా ఉండలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు, అత్త కత్తిపీట, గోనె పట్టా తెచ్చుకోవడానికి బావా నేనూ బజారుకి వెళ్ళాం. గంపల మీద తడిగోనెలు కప్పే ఉన్నాయి. ఎవరూ అమ్మడం లేదు. ఆడవాళ్ళందరూ ఆ గులాబీ గది ముందు నిలబడి ఉన్నారు. పిన్ని చేతిలో ఐసు పగలగొట్టే గునపం ఉంది.

ఆశీలాయన పరిగెత్తుకొచ్చాడు. "ఏవిటమ్మా ఇది? తాళం మీద చెయ్యేస్తే కేసవుతుంది, తెలుసా?"

"మీ తాళం మేం ముట్టుకోవండి" అంది పిన్ని. "తాళం మీదే. తలుపు మాది."

గునపం మొన గడియ వెనకాల దూర్చి ఒక్క ఊపు ఊపింది. చవక రకం ప్లాస్టిక్ తలుపు. చట్రం వైపు గడియ మేకులతో సహా ఊడొచ్చి, తాళంతో పాటు తలుపుకి వేలాడింది. లోపల ఏముందో చూశాం. ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు, పాత ఫ్లెక్సీల చట్రాలు, ఆశీలాయన ఐసు పెట్టెలు. ఒక మూల కుళాయి ఉంది. బావ వెళ్ళి తిప్పాడు. నీళ్ళు వచ్చాయి. సన్నగా, తుప్పు రంగులో, కానీ వచ్చాయి. అతను ఆ కుళాయి ముందు గొంతుక్కూర్చుని ఏడ్చాడు. అమ్మ పోయిన రోజు కూడా అతను అలా ఏడవలేదు.

కుర్చీలన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఎవరో బకెట్టు తెచ్చారు, ఎవరో చీపురు తెచ్చారు. ఒక ముసలావిడ గుమ్మానికి అడ్డంగా దుప్పటి కట్టి, కడగడం పూర్తికాకుండానే లోపలికి వెళ్ళింది. నలుగురు అడ్డంగా నిలబడ్డారు.

ఆ తలుపు మళ్ళీ బిగించి తాళం వేయరని నమ్మకమేముంది? అందుకే కీళ్ళు కూడా పీకేశారు. గంప మోసేటప్పుడు నెత్తిన పెట్టుకునే గుడ్డలు చుట్ట చుట్టుకుని, పిన్నీ ఇంకో ముగ్గురూ తలుపుని పైకెత్తి తల మీద పెట్టుకున్నారు. బజారు చూట్టానికి వచ్చిన ఆ ఆఫీసరుకే అప్పజెప్పి వస్తామన్నారు. కోర్టుకి వెళ్తారో, కేసే పెడతారో, రేపు కొత్త తలుపు వస్తుందో మాకెవరికీ తెలియదు. ఆశీలాయన ఫోన్లో ఎవరితోనో అరుస్తూనే ఉన్నాడు. వాళ్ళు మెయిన్ రోడ్డెక్కారు. వెనకాల మిగతా ఆడవాళ్ళు, వాళ్ళ వెనక నేను. ఆటోలు పక్కకి తప్పుకున్నాయి. రోజూ వెక్కిరించే ఆటో డ్రైవర్లలో ఎవరూ హారను కొట్టలేదు. నలుగురూ ఒకే అడుగు వేస్తూ, మెడలు నిటారుగా, చేతులు వదిలేసి నడుస్తున్నారు. గులాబీ రంగు తలుపు ఎండలో మెరుస్తోంది. దాని అంచున, చెక్కుచెదరకుండా వేసింది వేసినట్టే ఉన్న తాళం, అడుగడుక్కీ ఊగి టక్కుటక్కున తలుపుని కొడుతోంది.